అమెరికాలో ఉద్యోగస్థలపు జాతి వివక్ష దావా: రాజీ ఒప్పందం దాకా ఒక్కొక్క అడుగు

అమెరికాలో యజమాని మీద జాతి వివక్ష దావా వేసిన ఉద్యోగులలో జ్యూరీ తీర్పు దాకా వెళ్లేవారు కొద్దిమందే. కొన్ని దావాలను న్యాయమూర్తి విచారణకు ముందే కొట్టివేస్తారు. చాలావాటిలో ఇరుపక్షాలు ఏదో ఒక దశలో రాజీకి వస్తాయి. అయినా మధ్యవర్తి ముందు కూర్చునే రోజు దాకా రాజీ గురించి ఆలోచించని ఉద్యోగులే ఎక్కువ, అప్పటికే కొన్ని గడువులు, కొన్ని ఆధారాలు చేయి దాటిపోయి ఉంటాయి. రాజీ పడడమంటే దావా వేసే హక్కును డబ్బుకు వదులుకోవడం. ఎంత ఇస్తారు అన్న ప్రశ్న చుట్టూ అందరూ తిరుగుతారు గానీ, ఏమేమి వదులుకుంటున్నాం, ఫీజులూ పన్నులూ పోగా చేతిలో ఏం మిగులుతుంది అన్న ప్రశ్నలను ఒప్పందం మీద సంతకం అయ్యాకగాని వేసుకోరు. ఈ మార్గదర్శిని ఆ రెండు ప్రశ్నలనూ ముందుకు తెచ్చి, ఉద్యోగి వైపు నుంచి రాశాను. ఇందులో చెప్పినది ప్రధానంగా ఫెడరల్ చట్టం. రాష్ట్రాల చట్టాలు చాలాచోట్ల ఉద్యోగికి ఇంకా అనుకూలంగా ఉంటాయి కనుక మీ రాష్ట్రంలో ఉద్యోగ చట్టాలు చూసే న్యాయవాదిని కలవకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మొదటి అడుగు: మీ దావా ఏ చట్టం మీద నిలబడిందో తెలుసుకోవడం

జాతి వివక్షకు ఫెడరల్ స్థాయిలో రెండు చట్టాలు వర్తిస్తాయి. మొదటిది 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం. న్యాయవాదులందరూ దీన్ని టైటిల్ సెవెన్ అంటారు. కనీసం 15 మంది ఉద్యోగులున్న సంస్థలకే ఇది వర్తిస్తుంది. దీని కింద కోర్టుకు వెళ్లాలంటే ముందుగా సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు, అంటే ఈఈఓసీకి, ఫిర్యాదు చేయాలి. వివక్ష జరిగిన నాటి నుంచి 180 రోజులలోపు, అదే విషయంపై రాష్ట్ర సంస్థ కూడా ఉన్నచోట 300 రోజులలోపు ఆ ఫిర్యాదు చేరాలి. కమిషన్ దావా వేసుకోవచ్చునని లేఖ ఇచ్చాక, ఆ లేఖ అందిన 90 రోజులలో కోర్టులో దావా పడాలి. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగుల దారి వేరు: వారు 45 రోజులలోపే తమ శాఖలోని ఈఈఓ కౌన్సిలర్‌ను సంప్రదించాలి.

రెండవది 1866 నాటి పౌర హక్కుల చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1981. దీనికి ఉద్యోగుల సంఖ్యతో పని లేదు, కమిషన్‌కు ముందస్తు ఫిర్యాదు అక్కరలేదు, ఉద్యోగంలో చేరిన తరువాత జరిగిన వివక్షకు నాలుగేళ్ల గడువు ఉంటుంది, వివక్ష చూపిన పై అధికారిని వ్యక్తిగతంగానూ ప్రతివాదిగా చేర్చవచ్చు. అన్నిటికీ మించి, పరిహారానికి దీనిలో గరిష్ఠ పరిమితి లేదు. రాజీ బేరంలో మీ స్థానాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఈ ఒక్క తేడాయే.

భారతీయ సంతతి ఉద్యోగులు ఇక్కడ ఒక మెలిక గమనించాలి. సెక్షన్ 1981 పుట్టిన దేశం ఆధారంగా జరిగిన వివక్షను పట్టించుకోదు. వంశం, సంతతి, జాతి లక్షణాల ఆధారంగా జరిగిన వివక్షను మాత్రం జాతి వివక్షగానే చూస్తుందని సుప్రీంకోర్టు 1987లో చెప్పింది. కాబట్టి ఫిర్యాదులో ‘నేను ఇండియా నుంచి వచ్చినందుకు’ అని మాత్రమే రాసి ఊరుకుంటే బలమైన చట్టాన్ని చేజేతులా వదులుకున్నట్టే. జరిగినది నిజంగా సంతతి మీద జరిగితే ఆ మాట మొదటి కాగితంలోనే ఉండాలి.

ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం చేసిన పత్రాలలో ఆర్బిట్రేషన్ నిబంధన, అంటే వివాదాన్ని కోర్టులో జ్యూరీ ముందు కాక ప్రైవేటు తీర్పరి ముందే తేల్చుకోవాలన్న షరతు, ఉందేమో కూడా ఇప్పుడే వెతకండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2022లో ఆ నిబంధన నుంచి మినహాయింపు వచ్చింది గానీ జాతి వివక్షకు ఫెడరల్ చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. జ్యూరీ బెదురు లేని యజమాని ఇవ్వజూపే మొత్తం సాధారణంగా చిన్నదిగానే ఉంటుంది.

రెండవ అడుగు: ఆధారాలను కాపాడుకోవడం, ఉద్యోగం వెతుక్కోవడం

తేదీలు, మాటలు, సాక్షులు ఉన్న ఒక కాలక్రమ పట్టిక రాసుకోండి. మీకు వచ్చిన సందేశాలను తొలగించకండి. అయితే ఆవేశంలో కంపెనీ రహస్య పత్రాలను సొంత ఈమెయిల్‌కు పంపుకోవడం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తరచు చేసే పొరపాటు. అది తరువాత బయటపడి, ఆ ఒక్క కారణంతోనే మిమ్మల్ని తొలగించి ఉండేవారమని యజమాని రుజువు చేయగలిగితే, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మీకు రావలసిన బకాయి వేతనం సాధారణంగా ఆ విషయం బయటపడిన రోజుతో ఆగిపోతుంది. పత్రం మీ దగ్గర లేకపోయినా ఫలానా పత్రం ఉన్నదని మీకు తెలిస్తే చాలు, డిస్కవరీ దశలో, అంటే విచారణకు ముందు ఇరుపక్షాలూ ఆధారాలను ఒకరికొకరు ఇచ్చుకోవలసిన దశలో, న్యాయవాది దాన్ని రప్పిస్తారు.

ఉద్యోగం పోయినవారు కొత్త ఉద్యోగం కోసం ప్రయత్నించినట్టు చూపాలి, ఎందుకంటే నష్టాన్ని తగ్గించుకునే బాధ్యతను చట్టం ఉద్యోగి మీదా పెట్టింది. పంపిన ప్రతి దరఖాస్తునూ తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఈ జాబితా లేని దావాలో ఎదుటి న్యాయవాది మొదట నరికేది బకాయి వేతనం లెక్కనే.

మూడవ అడుగు: దావాకు విలువ కట్టడం

పక్కింటివారి బంధువుకు ఎంత వచ్చిందన్నది మీ దావాకు కొలమానం కాదు. విలువను భాగాలుగా కట్టాలి. మొదటిది బకాయి వేతనం, అంటే వివక్ష లేకపోతే ఇప్పటిదాకా సంపాదించి ఉండే జీతం, బోనస్, షేర్లు, ఇతర సౌకర్యాల మొత్తం నుంచి మీరు నిజంగా సంపాదించినది తీసివేయగా మిగిలేది. టైటిల్ సెవెన్ కింద ఇది ఫిర్యాదుకు ముందు రెండేళ్లకు మించి వెనక్కి వెళ్లదు. రెండవది భవిష్యత్ వేతన నష్టం. మూడవది మానసిక వేదనకు పరిహారం. నాలుగవది యజమాని దురుద్దేశంతోనో, మీ హక్కులను తెలిసి తెలిసి లెక్కచేయకుండానో ప్రవర్తించినప్పుడు వేసే శిక్షాత్మక పరిహారం.

చివరి రెండూ కలిపి టైటిల్ సెవెన్ కింద ఎంతదాకా ఇవ్వవచ్చో 1991 సవరణ చట్టం నిర్ణయించింది: ఉద్యోగులు 15 నుంచి 100 మంది ఉన్న సంస్థకు 50,000 డాలర్లు, 101 నుంచి 200 దాకా ఉంటే లక్ష, 201 నుంచి 500 దాకా ఉంటే 2 లక్షలు, 500 దాటితే 3 లక్షల డాలర్లు. ఈ అంకెలు అప్పటి నుంచి మారలేదు. వేతన నష్టాలు ఈ పరిమితిలోకి రావు, న్యాయవాది ఫీజు కూడా రాదు. సెక్షన్ 1981 దావా నిలబడితే ఈ గోడ ఉండదు. అయితే అక్కడ జాతి వల్ల తప్ప ఈ నష్టం జరిగి ఉండేది కాదని చూపాలని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక రుజువు భారం బరువైనదే.

ఇలా వచ్చిన మొత్తాన్ని గెలిచే అవకాశంతో తూచాలి. యజమాని చెప్పిన కారణం (పనితీరు, పునర్వ్యవస్థీకరణ, బడ్జెట్) బూటకమని చూపగలరా? అదే తప్పు చేసిన వేరే జాతి ఉద్యోగిని వదిలేసిన ఉదాహరణ ఉన్నదా? సమ్మరీ జడ్జిమెంట్ దశను, అంటే జ్యూరీ దాకా వెళ్లకుండానే న్యాయమూర్తి దావాను కొట్టివేయగల దశను, దావా దాటుతుందా? ఈ ప్రశ్నలకు మీ న్యాయవాది ఇచ్చే జవాబు నచ్చకపోవచ్చు. ప్రతి ప్రశ్నకూ మీకు నచ్చే జవాబే చెప్పే న్యాయవాదిని మాత్రం కొంచెం అనుమానించాలని నా అభిప్రాయం.

జ్యూరీ అంకె ఎంత నిలకడ లేనిదో టెస్లా కేసు చూపుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారంలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఒక నల్లజాతి లిఫ్ట్ ఆపరేటర్‌కు 2021లో జ్యూరీ దాదాపు 13.7 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆ మొత్తంలో చాలా భాగం శిక్షాత్మక పరిహారమే. న్యాయమూర్తి దాన్ని 2022లో 1.5 కోట్లకు తగ్గించారు. ఆ ఆపరేటర్ ఆ మొత్తాన్ని నిరాకరించి, పరిహారం లెక్క కోసం మళ్లీ విచారణ కోరుకున్నారు. 2023లో రెండవ జ్యూరీ సుమారు 32 లక్షల డాలర్లు ఇచ్చింది. 2024లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి, షరతులు బయటకు రాలేదు. ఒకే మనిషి, ఒకే కర్మాగారం, ఒకే వేధింపు. అయినా ఒక జ్యూరీ అంకె మరో జ్యూరీ అంకెకు నలభై రెట్లకు పైన ఉంది. పత్రికల్లో వచ్చిన మొదటి అంకెను పట్టుకుని రాజీకి కూర్చునేవారికి రెండవ అంకె కనబడదు.

నాలుగవ అడుగు: ఎప్పుడు, ఎవరి డబ్బుతో

రాజీకి మూడు నాలుగు సహజమైన సందర్భాలు వస్తాయి. మొదటిది ఈఈఓసీ స్వయంగా నడిపే మధ్యవర్తిత్వం. ఇది ఉచితం, ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే జరుగుతుంది, సాధారణంగా ఒక పూటలో తేలుతుంది. దావా చిన్నదై, ఉద్యోగంలో కొనసాగాలనుకునేవారికి ఇది మంచి దారి. ఆధారాలన్నీ ఇంకా యజమాని చేతిలోనే ఉన్న పెద్ద దావాలకు మాత్రం ఇది తొందరపాటు కావచ్చు. తరువాతి సందర్భం, కీలక సాక్షుల డిపాజిషన్లు (విచారణకు ముందే ప్రమాణం మీద తీసుకునే వాంగ్మూలాలు) అయిపోయి, సమ్మరీ జడ్జిమెంట్ మీద తీర్పు ఇంకా రాని కాలం. ఇరుపక్షాలకూ తమ బలహీనతలు తెలిసి ఉంటాయి, ఎవరికీ ధీమా ఉండదు. బేరం కుదరడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి సమయం లేదు. ఆ తీర్పు మీకు అనుకూలంగా వస్తే విలువ ఒక్కసారిగా పెరుగుతుంది, వ్యతిరేకంగా వస్తే దాదాపు సున్నా అవుతుంది.

సొమ్ము ఎవరి జేబులోంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. చాలా సంస్థలకు ఉద్యోగ వివాదాల బీమా ఉంటుంది, ఫెడరల్ కోర్టులో ప్రతివాది ఆ పాలసీని దావా తొలినాళ్లలోనే వెల్లడించాలి. ఇలాంటి పాలసీలలో చాలావాటిలో న్యాయవాదుల ఖర్చు కూడా బీమా మొత్తంలోంచే పోతుంది, అంటే వ్యాజ్యం సాగినకొద్దీ మీకు ఇవ్వగలిగిన సొమ్ము కరిగిపోతుంటుంది. శిక్షాత్మక పరిహారాన్ని బీమా భరించడాన్ని కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు అనుమతించవు కనుక, ఆ భయం నేరుగా యజమానినే తాకుతుంది. బీమా ప్రతినిధి హాజరు కాని మధ్యవర్తిత్వంలో ఒక రోజు పోగొట్టుకోవడం తప్ప సాధించేది ఉండదు.

ఐదవ అడుగు: మధ్యవర్తిత్వం రోజు

ఆ రోజు మీరు ఒక గదిలో, యజమాని పక్షం మరో గదిలో ఉంటారు, మధ్యవర్తి అటూ ఇటూ తిరుగుతారు. మొదట అడిగే మొత్తం పెద్దదిగా ఉండవచ్చు గానీ లెక్క చూపలేనిదిగా ఉండకూడదు. మూడవ అడుగులో కట్టిన విలువ పట్టికను న్యాయవాది ముందుగానే మధ్యవర్తికి పంపాలి. యజమాని మొదట చెప్పే అంకె అవమానంగా అనిపిస్తుంది. దాదాపు ప్రతి బేరంలోనూ అంతే, లేచి వెళ్లిపోవడానికి అది కారణం కాదు. మీరు వదులుకునే ప్రతి మెట్టుకూ ఒక కారణం ఉండాలి, ప్రతి మెట్టూ ముందటి దానికంటే చిన్నది కావాలి.

సాయంత్రానికి ఇరుపక్షాలూ కదలనప్పుడు మధ్యవర్తి తనంతట తాను ఒక అంకె ప్రతిపాదించవచ్చు. ఎవరికి వారు రహస్యంగా ఔననో కాదనో చెబుతారు. మీరు ఔనని యజమాని కాదంటే, మీరు ఒప్పుకున్న సంగతి వారికి తెలియదు. కాబట్టి నిజాయితీగా జవాబు చెప్పడంలో నష్టం లేదు. రాజీ కోసం మాట్లాడిన మాటలను, ఇవ్వజూపిన మొత్తాలను దావా బలాబలాలకు రుజువుగా కోర్టులో వాడకుండా ఫెడరల్ సాక్ష్య నియమం 408 కూడా కాపాడుతుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఫెడరల్ సివిల్ కోర్టు నియమాలలోని రూల్ 68 కింద ప్రతివాది లాంఛనంగా ఒక మొత్తాన్ని తీర్పు రూపంలో ఇవ్వజూపవచ్చు, దానికి 14 రోజులలో జవాబు చెప్పాలి. నిరాకరించి, విచారణలో గెలిచి కూడా అంతకంటే తక్కువ పొందితే, ఆ ప్రతిపాదన తరువాత అయిన ప్రతివాది కోర్టు ఖర్చులు మీ మీద పడతాయి. పౌర హక్కుల దావాలలో న్యాయవాది ఫీజు ఖర్చులలో భాగంగా లెక్కకు వస్తుంది కనుక, 1985 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ తేదీ తరువాతి మీ న్యాయవాది ఫీజును కూడా యజమాని నుంచి రాబట్టలేరు. ఇలాంటి ప్రతిపాదన వచ్చిన రోజే మూడవ అడుగు లెక్కను మళ్లీ తీసి కూర్చోండి.

బేరం కుదిరితే, ఎంత రాత్రయినా ప్రధాన షరతులు కాగితం మీద రాసి ఇరుపక్షాలూ సంతకం చేసే దాకా ఆ భవనం వదలకండి.

ఆరవ అడుగు: చెక్కులు, పన్నులు

ఫ్లోరిడాలో ఒక ప్రైవేటు పాఠశాల మాజీ హెడ్‌మాస్టర్ వేసిన దావాలో కుదిరిన రాజీని ఉదాహరణగా తీసుకుందాం. అది జాతి వివక్ష కాదు, వయో వివక్ష దావా. కానీ ఒప్పందపు నిర్మాణం ఒకటే. మొత్తం 1.5 లక్షల డాలర్లలో 10,000 బకాయి వేతనంగా, 80,000 ఆయనకు నేరుగా, 60,000 న్యాయవాదులకు చెల్లించేలా విభజించారు. ఇలా మూడు చెక్కులుగా విడగొట్టడం మామూలు పద్ధతి.

వేతన చెక్కు జీతంలాంటిదే: డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) వస్తుంది, ఆదాయపు పన్నుతో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత పడుతుంది. మానసిక వేదన పరిహారం మీద ముందస్తు కోత ఉండదు, 1099 పత్రం (జీతం కాని ఆదాయాన్ని చూపేది) వస్తుంది, కానీ ఆదాయపు పన్ను మాత్రం కట్టాలి. శారీరక గాయానికో శారీరక అనారోగ్యానికో వచ్చిన పరిహారానికే మినహాయింపు అని 1996 సవరణ తేల్చింది. వివక్ష వల్ల నిద్ర పట్టకపోవడం, తలనొప్పి రావడం వంటివి ఆ మినహాయింపు కిందికి రావు. కోత లేదు కదా అని ఆ సొమ్మంతా ఖర్చు పెట్టి, మరుసటి ఏప్రిల్‌లో పన్ను కట్టలేక తంటాలు పడేవారున్నారు.

మూడవ చెక్కు విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. న్యాయవాదికి వెళ్లిన ఫీజు కూడా చట్టం దృష్టిలో మీ ఆదాయమేనని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అదృష్టవశాత్తు 2004 నాటి చట్టం చట్టవిరుద్ధ వివక్ష దావాలలో ఆ ఫీజును మొత్తం ఆదాయం నుంచే తగ్గించుకోనిచ్చింది. ఆ తగ్గింపు అదే సంవత్సరంలో ఆ దావా నుంచి చూపిన ఆదాయాన్ని మించకూడదు కాబట్టి, పరిహారం ఒక ఏడాదిలో, ఫీజు మరో ఏడాదిలో పడేలా వాయిదాలు పెట్టుకోకండి. వేతనం భాగాన్ని ఎంత తక్కువగా చూపితే అంత మంచిదని కొందరు చెబుతారు. జీతం పోయినందుకే దావా వేసి, ఒప్పందంలో వేతనం ఒక డాలరే అని రాస్తే పన్ను శాఖ ప్రశ్నించే వీలుంది. పన్ను నిపుణుడి అభిప్రాయం సంతకానికి ముందు తీసుకోవాలి, తరువాత కాదు.

ఏడవ అడుగు: ఒప్పంద పత్రాన్ని పంక్తి పంక్తీ చదవడం

హక్కుల విడుదల నిబంధనలో ‘తెలిసిన, తెలియని అన్ని క్లెయిములు’ అని ఉంటుంది. సంతకం తేదీ దాకా జరిగిన వాటన్నింటినీ మీరు వదులుకుంటున్నారు కనుక, వదులుకోని వాటిని పేరుపేరునా రాయించుకోవాలి: 401కె (పదవీ విరమణ పొదుపు ఖాతా) సొమ్ము, మీ పేర అప్పటికే జమైన షేర్లు, నిరుద్యోగ భృతి, పనిలో అయిన గాయానికి పరిహారం. ఈఈఓసీకి ఫిర్యాదు చేసే, దాని దర్యాప్తులో సాక్ష్యం చెప్పే హక్కును ఏ ఒప్పందమూ తీసివేయలేదు. దాని ద్వారా మీకు వ్యక్తిగతంగా వచ్చే డబ్బును మాత్రం వదులుకోవచ్చు. విడుదల ఉభయపక్షాలదీ కావాలని అడగండి, లేకపోతే రేపు కంపెనీ మీ మీద దావా వేసే దారి తెరిచే ఉంటుంది.

మీకు 40 ఏళ్లు నిండి, జాతి వివక్ష దావాతో పాటు వయో వివక్ష హక్కులను కూడా అందులోనే వదులుకోమంటే, ఆలోచించడానికి 21 రోజులు, సంతకం తరువాత వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఉండాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ గడువులు లేని విడుదల వయో వివక్ష మేరకు చెల్లదు.

గోప్యతా నిబంధనకు మళ్లీ ఆ ఫ్లోరిడా హెడ్‌మాస్టర్ కథే చెప్పాలి. ఒప్పందం ప్రకారం భార్యకు, న్యాయవాదులకు, వృత్తిపరమైన సలహాదారులకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. ఆయన కూతురికి చెప్పారు. నాన్న గెలిచాడని, యూరప్ విహారానికి పాఠశాలే డబ్బు ఇస్తోందని ఆ అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. పాఠశాల 80,000 డాలర్లు ఇవ్వడానికి నిరాకరించింది, 2014లో అప్పీలు కోర్టు పాఠశాల పక్షానే నిలిచింది. అందుచేత, ఇంట్లో ఎవరెవరికి చెప్పవచ్చో సంతకానికి ముందే జాబితాలో రాయించుకోండి. ‘వివాదం పరిష్కారమైంది’ అని అందరితోనూ అనగలిగే వెసులుబాటు అడగండి. ఉల్లంఘనకు ముందే నిర్ణయించిన జరిమానా ఉంటే తీసివేయించండి, కుదరకపోతే తగ్గించండి.

అసలు ఏం జరిగిందో ఎన్నడూ నోరెత్తకూడదన్న షరతు అన్ని రాష్ట్రాలలోనూ చెల్లదు. కాలిఫోర్నియాలో 2022 నుంచి, కోర్టులోనో ప్రభుత్వ సంస్థ ముందో వేసిన వివక్ష ఫిర్యాదు రాజీలో వాస్తవాలను దాచమనే నిబంధన నిషిద్ధం. మొత్తం ఎంతో మాత్రం దాచవచ్చు. న్యూయార్క్‌లో అలాంటి గోప్యత ఫిర్యాదీ కోరుకుంటేనే ఉండాలి. ఒక్కోసారి గోప్యత ఉద్యోగికే కావాలి, తరువాతి యజమాని చెవిన పడకూడదన్న భయంతో. అప్పుడు అది మీరు ఇచ్చేది కాదు, మీరు పుచ్చుకునేది అవుతుంది. బేరంలో దాన్ని అలాగే లెక్కకట్టండి.

డబ్బు కాని షరతులు కొందరికి డబ్బుకంటే విలువైనవి: తొలగింపును రాజీనామాగా మార్చడం, ఉద్యోగ తేదీలూ హోదా మాత్రమే చెప్పే రెఫరెన్స్, ఫైలులోంచి హెచ్చరిక లేఖలు తీసివేయడం, ఆ పై అధికారి కింద పనిచేయనవసరం లేకుండా బదిలీ. ‘కంపెనీ మీ గురించి చెడుగా మాట్లాడదు’ అన్న వాక్యం వేలాది ఉద్యోగులున్న సంస్థలో అర్థం లేనిది; మాట్లాడకూడనివారి పేర్లు రాయించాలి. మళ్లీ ఆ సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు చేయకూడదన్న నిబంధన చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రేపు మీరు చేరిన కంపెనీని ఆ సంస్థ కొనేస్తే ఏమవుతుందో ఊహించండి. కాలిఫోర్నియా 2020 నుంచి ఇలాంటి నిబంధనను చాలావరకు నిషేధించింది. ఇతర రాష్ట్రాలలో మీరే అడిగి మార్పించుకోవాలి.

హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం ముగిసే తేదీ కూడా ఒక బేరపు అంశమే. ఉద్యోగం ముగిశాక కొత్త యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు, లేదా అనుమతి గడువు ముందే ముగిస్తే అప్పటిదాకా మాత్రమే సమయం ఉంటుంది. పని చేయించుకోకుండా పేరోల్‌లో ఉంచే ఏర్పాటు ఆ లెక్కను ఎలా ప్రభావితం చేస్తుందో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడిగాకే తేదీకి ఒప్పుకోండి.

ఎనిమిదవ అడుగు: సంతకం తరువాత

చెల్లింపు ఏ రోజుకు జరగాలో, ఆలస్యమైతే వడ్డీ ఎంతో ఒప్పందంలో ఉండాలి. దావాను శాశ్వతంగా ఉపసంహరించే పత్రం సొమ్ము ఖాతాలో జమ అయ్యాకే కోర్టుకు వెళ్లాలి. ఫెడరల్ కోర్టులో దావా ముగిసిపోతే, యజమాని మాట తప్పినప్పుడు అదే న్యాయమూర్తి దగ్గరికి వెళ్లే హక్కు తనంతట తానుగా మిగలదని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పందం అమలుపై అధికారాన్ని తన దగ్గరే ఉంచుకుంటున్నట్టు ముగింపు ఉత్తర్వులో న్యాయమూర్తితో రాయించుకోవాలి. లేకపోతే మామూలు ఒప్పంద ఉల్లంఘన కింద మరో దావా వేసుకోవలసి వస్తుంది. ఆ తరువాతి జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీకు వచ్చే డబ్ల్యూ-2, 1099 పత్రాలలోని అంకెలు ఒప్పందంలోని విభజనతో సరిపోయాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే రిటర్ను వేయకముందే యజమాని న్యాయవాదికి రాసి సరిచేయించుకోండి.